రెండో బ్రేకు

ఇంట్లోవాళ్ళు తప్ప ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. బయట అందరికీ ఆవిడ బ్రేకమ్మ. ఆడవాళ్ళకు కారు నేర్పడం ఆమె పని. నేర్చుకునేవాళ్ళ పక్కన ఎడమ సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర విడిగా బిగించుకున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి బతుకుతున్న మనిషి. ఆ పాదానికి సెలవన్నది లేదు. టీవీలో ఎవడైనా మలుపు దగ్గర వేగంగా వస్తే సోఫాలో కూర్చుని నేలను తొక్కేస్తుంది. పాలు పొంగుతుంటే ముందు కాలు నొక్కి, ఆ తర్వాత స్టవ్వు కట్టేస్తుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు. నవ్వనీ, వాళ్ళ బడికి ఫీజు కట్టిందీ ఆ కాలే.

ఒకప్పుడు ఆమె వేరేవాళ్ళ డ్రైవింగ్ స్కూల్లో బల్ల దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తేది. నేర్పే మగవాళ్ళు ఒంటికాలి మీద లేచేవారు. క్లచ్ కాస్త ముందు వదిలితే చాలు, నేర్చుకునే ఆవిడ పుట్టుపూర్వోత్తరాలన్నీ ఎత్తేవారు. కళ్ళు తుడుచుకుంటూ లోపలికొచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వడం ఈమె ఉద్యోగంలో భాగమైపోయింది. ఇచ్చీ ఇచ్చీ విసుగెత్తి, గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టి, "ఈ నీళ్ళు పోసే బదులు నేనే నేర్పితే పోలా!" అనేసి బయటికొచ్చింది. ఎవరో వాడి వదిలేసిన పాత కారు కొనుక్కుంది, రెండో బ్రేకు పెట్టించుకుంది, బోర్డు కట్టింది. ఇక జనం రోడ్డెక్కడం మానుకోవాలని పాత స్కూలువాళ్ళు వేళాకోళం చేశారు. వాళ్ళ పెళ్ళాలే చాటుగా వచ్చి ఈమె దగ్గర చేరారు.

ఆమె కారులో తిట్లు లేవు. ఒకే ఒక్క నియమం ఉంది. దేన్నైనా గుద్దినవాళ్ళు కిందికి దిగాలి. దిగి, సొట్ట పడ్డచోట చెయ్యిపెట్టి, "నేను గుద్దాను" అని పైకి చెప్పాలి. గోడ ముందుకొచ్చిందనీ కుండీ అడ్డం పడిందనీ కథలల్లకూడదు. చెప్పాక మళ్ళీ ఎక్కి, అదే మలుపు మళ్ళీ తిప్పాలి. అంతే, ఇంకెవరూ ఆ మాట ఎత్తరు.

ఈ నియమం అవసరంలేని శిష్యురాలు ఒక్కతే, బ్రేకమ్మ సొంత అక్క. ఆవిడ చేయని తప్పు కూడా ఒప్పుకునే రకం. బస్సులో ఎవరైనా ఆవిడ కాలు తొక్కితే సారీ చెప్పేది ఆవిడే. పక్కింటివాళ్ళ తలుపు గాలికి కొట్టుకుంటే, "అయ్యో, నేనేమైనా తీసి వదిలేశానా?" అని లేచి చూస్తుంది. యాభై దాటాక అలాంటి మనిషి, "నాక్కూడా నేర్పవే" అని చెల్లెలి దగ్గరకొచ్చింది. బావకు కారుంది. దానికి గుడ్డ తొడిగి, తాళం జేబులో వేసుకుని తిరుగుతాడు. భార్య అడగ్గా అడగ్గా ఒక మెట్టు దిగాడు. "నేర్చుకో, ఇస్తాను. కానీ ఎక్కడైనా గుద్దావని తెలిసిందో, అక్కడితో సరి. మళ్ళీ తాళం మాట ఎత్తకు" అన్నాడు. ఆ మాట పట్టుకుని అక్క ఎంత జాగ్రత్తగా నేర్చుకుందంటే, రోడ్డు మీద పిచ్చుక వాలినా ఆపి, అది ఎగిరేదాకా కూర్చునేది.

ఇంతలో రెండో బ్రేకు వదులైంది. షెడ్డుకు తీసుకెళ్ళాలి. "నువ్వే నడుపు" అంది బ్రేకమ్మ. అక్క మొదటిసారి బస్సుల మధ్య, లారీల మధ్య, గుండె చేత్తో పట్టుకున్నట్టు కారు నడిపి షెడ్డు గేటు దాకా తెచ్చింది. దారి చూపడానికి బ్రేకమ్మ గేటు దగ్గర దిగింది. అప్పుడే పెద్ద మెకానిక్ ఎదురొచ్చి బ్రేకు సంగతి అడిగాడు. ఆమె అతనికి చెబుతూ అటు తిరిగిన కాసేపట్లోనే అక్క కారును లోపలికి తెచ్చి ఆపేసింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఆటోలో ఇంటికెళుతూ దారంతా చిన్నపిల్లల్లా నవ్వుకున్నారు.

మర్నాడు వచ్చి చూస్తే కారు ఎడమ పక్కంతా నాశనం. ముందు తలుపు సొట్టపోయి, రంగు లేచిపోయి ఉంది. ఎడమవైపు అద్దం వైరు పట్టుకుని వేలాడుతోంది.

"ఇదేంటండీ?" అంది బ్రేకమ్మ.

షెడ్డు ఓనరు చేతులు తుడుచుకుంటూ తీరిగ్గా వచ్చాడు. నడక రాకముందే స్టీరింగ్ పట్టానని చెప్పుకునే మనిషి. "బ్రేకు బిగించేశాం మేడమ్. రాయిలా ఉంది, చూసుకోండి."

"బ్రేకు సంగతి కాదు, తలుపు సంగతి."

"అదా? నిన్న మీ అక్కగారు తెచ్చినప్పుడే గేటు స్తంభానికి రాసుకుంది. మీరు అటు తిరిగున్నారు, చూసుకోలేదు. నేర్చుకునేవాళ్ళ బండి, మామూలే గదమ్మా."

"నా బండికి అది మామూలు కాదు. పడ్డ ప్రతి సొట్టా ఎప్పటికప్పుడు బాగుచేయిస్తా. ఇది కాక ఒక్కటి చూపించండి."

"ఉంటుందో లేదో నాకేం తెలుసు? నా షెడ్డులో పడలేదు, నాకది చాలు."

బ్రేకమ్మకు కోపం నసాళానికి అంటింది. ఇంకేదో అనబోతుంటే అక్క చేతిలో ఫోన్ మోగింది. అక్క ఎత్తి, "సరే... అలాగే... సారీ అండీ" అని పెట్టేసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఆయనకు తెలిసిపోయిందే. తాళం సంగతి ఇక మర్చిపొమ్మన్నారు."

"బావకెవరు చెప్పారు?"

"నేనే చెప్పానమ్మా పొద్దున," అన్నాడు ఓనరు. "తెలిసినవాడు గదా, దాచడమెందుకని."

అక్క మెల్లిగా కారు దగ్గరకెళ్ళి, సొట్టపోయిన తలుపు మీద చెయ్యి పెట్టింది. "నేను గుద్దాను" అంది. చెల్లెలి స్కూల్లో నేర్చుకున్నట్టే, స్పష్టంగా, అందరికీ వినబడేటట్టు చెప్పింది.

"చూశారా, పెద్దావిడ మర్యాదస్తురాలు!" అన్నాడు ఓనరు, గెలిచినవాడిలా.

బ్రేకమ్మకు ఏడుపొచ్చింది. ఇంతకాలం తను గొప్పగా చెప్పుకున్న నియమం ఇవాళ తన అక్క మెడకే చుట్టుకుంది. నిజానికి నిన్న ఆ కాసేపు ఏం జరిగిందో తనూ చూడలేదు. చూశానని అబద్ధం ఆడొచ్చు. ఆడితే ఓనరు నోరు మూసుకుంటాడేమో గానీ, అక్క మాత్రం జన్మంతా తనే గుద్దానని నమ్ముతుంది. ఆమె కళ్ళు తుడుచుకుని కుడివైపు తలుపు తీసింది.

"అక్కా, ఎక్కి కూర్చో."

"వద్దే, ఇంక నాకెందుకు?"

"నేను టీచర్నా కాదా? కూర్చో."

అక్క కూర్చుంది. అలవాటు కొద్దీ సీటు బెల్టు కూడా పెట్టుకుంది. బ్రేకమ్మ కిటికీ దగ్గర వంగి, గొంతు తగ్గించి అడిగింది. "గుద్దినప్పుడు చప్పుడెలా వచ్చింది?"

"గుర్తులేదే."

"కుదుపు?"

"గుర్తులేదు. భయంలో ఏమీ తెలియలేదు. వాళ్ళన్నారు గదా, అయ్యుంటుంది."

"వాళ్ళ మాట వదిలెయ్. నీకు గుర్తున్నదే చెప్పు. బండి ఆపాక ఏం చేశావు?"

"హ్యాండ్ బ్రేకు లాగాను. ఇంజన్ కట్టేశాను. నువ్వెక్కడున్నావా అని చూశాను. నీ వీపు మీద సంచి జిప్పు తెరుచుకుని, గొడుగు సగం బయటికొచ్చి ఉంది. 'ఒసే, గొడుగు పడిపోతుందే' అని అరిచాను. నువ్వు సర్దుకున్నావు కూడా."

"అవును, అరిచావు. నేనెక్కడున్నానప్పుడు?"

"వెనకాల, ఎడమ పక్క. ఆ మెకానిక్‌తో మాట్లాడుతున్నావు."

"బెల్టు పెట్టుకుని కూర్చున్నదానివి, వెనకాల ఉన్న నా గొడుగు నీకెలా కనబడింది?"

"అద్దంలో..." అంటూ అక్క ఎడమ పక్కకు చెయ్యి చూపించబోయి ఆగిపోయింది. వైరుకు వేలాడుతున్న అద్దంలో ఇప్పుడు షెడ్డు నేల మీది నూనె మరక తప్ప ఏమీ లేదు.

అక్క ఆ అద్దం వంక చాలాసేపు చూసింది. బెల్టు తీసి దిగింది. "ఆపేటప్పటికి అద్దం నిక్షేపంలా ఉందండీ," అంది ఓనరుతో. "బండి ఆపాక నేను దాన్ని అంగుళం కూడా కదపలేదు. తాళం మీ చేతిలో పెట్టి వెళ్ళాను."

"అద్దాలదేముందమ్మా, ఒకటి రెండుసార్లు ఊగి తర్వాత ఊడి..." ఓనరు నీళ్ళు నమిలాడు.

"ఊగే అద్దంలో గొడుగు కనబడదు," అంది బ్రేకమ్మ. "నా చెవిలో పువ్వులు పెట్టకండి. నిజం చెప్పేదాకా ఈ బండి ఇక్కడే ఉంటుంది, నేనూ ఇక్కడే ఉంటా. నా స్టూడెంట్లందరినీ ఇక్కడికే రమ్మంటా. మీ గేటుకు అడ్డంగా కూర్చుని క్లచ్, గేరు పాఠాలు చెబుతా. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఈ తలుపు చూపించి ఈ కథ కూడా చెబుతా. నాకేం తొందర లేదు."

"బెదిరిస్తున్నారా మేడమ్?"

"అవును."

పక్కన బానెట్ కింద తల దూర్చి ఇంతసేపూ లేని మరను వెతుకుతున్న పెద్ద మెకానిక్ నిటారుగా లేచాడు. జుట్టంతా నెరిసిన మనిషి. చేతిలో పానా కింద పెట్టాడు. "ఇక చాలు సార్. ఆవిడ తలుపు మీద చెయ్యి పెట్టి ఒప్పుకుంటుంటే నాకే సిగ్గేసింది. పొద్దున రెండో బ్రేకు చూద్దామని బయటికి తీసుకెళ్ళామమ్మా. స్టీరింగ్ సార్ పట్టుకున్నారు. నేను మీ సీట్లో కూర్చున్నా. తిరిగొచ్చేటప్పుడు స్తంభం దగ్గర నేను తొక్కుతానని ఆయన అనుకున్నారు. ఆయన తొక్కుతారని నేననుకున్నా."

"ఎవరూ తొక్కలేదు," అంది బ్రేకమ్మ.

"తొక్కలేదు."

బ్రేకమ్మకు నవ్వాగలేదు. రెండు బ్రేకులున్న బండిలో రెండూ ఖాళీగా ఉండి స్తంభానికి కొట్టుకోవడం ఆమె ఇంతకాలంలో చూడలేదు. పక్కన టీచరు లేదనుకుని నడపమని ఆమె ప్రతి ఒక్కరికీ మొదటిరోజే చెబుతుంది. నడక రాకముందే స్టీరింగ్ పట్టినాయనకు ఆ మాట చెప్పినవాళ్ళు లేకపోయారు.

ఓనరు ముఖం కందగడ్డలా అయింది. "సరే మేడమ్, పోనీలెండి. అద్దం ఇప్పుడే కొత్తది బిగిస్తాం. తలుపు కూడా మా ఖర్చుతోనే లాగి రంగు వేసిస్తాం. ఎప్పుడంటే అప్పుడు తీసుకురండి. ఇంత చిన్నదానికి గొడవెందుకు?"

బ్రేకమ్మ ఒప్పుకోబోయింది. ఆమెకు కావలసింది దొరికింది, అవతల ఇంకో శిష్యురాలు ఎదురుచూస్తోంది. మెకానిక్ అద్దం బిగించడం కూడా మొదలుపెట్టాడు. కానీ అక్క వెళ్ళి ఓనరుకు ఎదురుగా నిలబడింది.

"పొద్దున మా ఆయనకు ఫోన్ చేశారు గదా."

"అదేదో మాటవరసకి..."

"మళ్ళీ చేయండి."

"ఇంటికెళ్ళాక మీరే చెప్పండమ్మా."

"నేను చెబితే నమ్మరు. మీరు చెబితే వెంటనే నమ్మారు. చేయండి."

చెల్లెలు నోరు తెరుచుకుని చూస్తోంది. అక్క ఇంత గట్టిగా మాట్లాడటం ఆమె పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఓనరు మెకానిక్ వంక చూశాడు, మెకానిక్ అద్దం వంక చూశాడు. వేరే దిక్కులేక ఫోన్ తీశాడు. అవతల గొంతు అందరికీ వినబడేలా పెట్టమని అక్క వేలితో చూపించింది.

"అన్నా, నేనే. పొద్దున చెప్పానే, కారు సంగతి... అది మీ ఆవిడ కాదన్నా. నేనే గుద్దాను."

అవతల బావ నవ్వాడు. "ఏంటి, అక్కాచెల్లెళ్ళిద్దరూ మీదపడి చెప్పిస్తున్నారా? సరే సరే, నాకర్థమైందిలే. మా ఆవిడతో చెప్పు, ఆటో ఎక్కి జాగ్రత్తగా ఇంటికి రమ్మను."

అక్క ఓనరు చేతిలోంచి ఫోన్ తీసుకుంది. సారీ అంటుందేమోనని బ్రేకమ్మ ఊపిరి బిగబట్టింది.

"ఆటోలో కాదండీ, నేనే నడుపుకుంటూ వస్తున్నా," అంది అక్క. "గేటు తీసి, మీ కారు కాస్త పక్కకు జరపండి."