మా ఆవిడ రిటర్ను నేను వేసిన వైనం

రియాద్‌లో మా కంపెనీలో నేను క్వాంటిటీ సర్వేయర్ని. కట్టబోయే బిల్డింగుకి తలుపు గొళ్ళెం దగ్గర్నుంచి ఏది ఎన్ని కావాలో లెక్కకట్టి చెప్పడం నా ఉద్యోగం. ఎవడైనా "మొత్తం కలిపి ఇంత" అన్నాడంటే నాకు ఒళ్ళు మండుతుంది. విడివిడిగా రాయరా బాబూ, ఒక్కో ఐటమూ చూపించు అంటాను. ఈ జబ్బుకి ఆఫీసులో జీతం ఇస్తారు. దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాను, అదీ నా ఖర్మ.

మా ఆవిడ విజయవాడలో ఓ ప్రైవేటు కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసేది. నిరుడు ఫిబ్రవరిలో మానేసి, నా ఇకామా, అంటే ఇక్కడి నివాస పర్మిట్, మీద ఇక్కడికొచ్చింది. ఇక్కడ జీతం మీద టాక్సు లేదు గానీ, అక్కడ ఆమె జీతంలో కాలేజీవాళ్ళు పట్టుకున్న టాక్సు ఉంది. రిటర్ను వేస్తే కొంత వెనక్కొస్తుంది. ఆ డబ్బుతో ఎమ్మెస్సీ, బీఎడ్ సర్టిఫికెట్లు రెండూ అటెస్టేషన్ చేయించుకుని ఇక్కడి ఇండియన్ స్కూల్లో చేరాలని ఆమె ఆశ. నేనిస్తాను కదా అంటే, "నా చదువుకి ముద్ర నా సంపాదనతోనే వేయించుకుంటా. ఇక్కడికొచ్చాక కూరగాయలకి కూడా మిమ్మల్నే అడుగుతున్నాను" అంది.

రిటర్ను రెండు రకాలుగా వేయొచ్చు. కొత్త పద్ధతిలో అందరికీ ఒకేలా ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుని ఊరుకోవడమే, కాగితాలక్కర్లేదు. పాత పద్ధతిలో అయితే ఇంటద్దె, ఇన్సూరెన్సు, పీఎఫ్ అన్నీ ఒక్కోటే చూపించుకోవాలి. జూలై మొదటివారంలోనే ఆమె, "కొత్తదే వేసేద్దామండీ, వచ్చినంత వస్తుంది" అంది.

వచ్చినంతా! నా ఎదురుగుండా ఆ మాట! రెండు రకాలుగానూ లెక్కకట్టాను. పాత పద్ధతిలో వేస్తే రెండు సర్టిఫికెట్లకీ సరిపోతుంది, కొత్తదైతే ఒక్కదానికే. చూశావా అని కాలరెగరేశాను. "సరే, పాతదే వేయండి. త్వరగా వేయండి" అంది.

వేసేవాణ్ణే. కానీ రెండు నెలల అద్దె రసీదులు కనబళ్ళేదు. విజయవాడ ఇంటి ఓనరుగారేమో కాశీ వెళ్ళారు. "ఆ రెండు నెలలూ వదిలేయండి, పెద్ద తేడా రాదు" అంది మా ఆవిడ. ఇన్నేళ్ళ సర్వీసులో గొళ్ళెం వదల్లేదు, అద్దె వదులుతానా? ఈలోగా ఎక్సెల్ షీటు తయారుచేశాను. ఒక్కో రసీదుకీ ఒక నంబరు, పక్కన రిమార్కులు, అడుగున 'తయారుచేసినవారు', 'సరిచూసినవారు'. రెండుచోట్లా నా పేరే రాసుకున్నాను.

గడువు చివరి రోజు సాయంత్రం ఓనరుగారు కాశీ నుంచి దిగి, రసీదులు వాట్సాప్‌లో పంపారు. నేను మెట్రో దిగి ఇంటికొచ్చేసరికి ఏడు. "ముందు ఆ పని కానివ్వండి" అంది. "పన్నెండు దాకా టైముంది, కంగారెందుకే" అన్నాను. స్నానం చేశాను. పప్పుచారు, వడియాలు తాపీగా తిన్నాను. షీటులో రెండు కొత్త వరుసలు చేర్చి ప్రింటు కూడా తీశాను. తొమ్మిది నలభైకి లాగినయ్యాను.

పాత పద్ధతి అన్నచోట ఎంత నొక్కినా కదల్లేదు. గడువు దాటింది, ఇక కొత్త పద్ధతిలోనే వేయాలి, పైగా ఆలస్య రుసుము కట్టాలి అని వచ్చింది. సైటు పాడు చేసి పెట్టారు వెధవలు అని తిట్టాను.

"ఏమండీ," అంది మా ఆవిడ నెమ్మదిగా, "ఇండియాలో పన్నెండు దాటి పది నిమిషాలైంది."

రోజూ మా అత్తగారికి ఫోన్ చేసేముందు రెండున్నర గంటలు కలుపుకునేవాణ్ణి నేను. అక్కడి గడువుకి ఇక్కడి గడియారం చూసుకుంటూ వడియాలు నములుతూ కూర్చున్నానంటే నాకంటే వెధవ ఇంకెవడు? సిగ్గుతో చచ్చిపోయాను. తగ్గింది నేనిస్తానన్నాను. ఆమె "కాస్త జరగండి" అని నా కుర్చీలో కూర్చుని, కొత్త పద్ధతిలో తనే వేసేసింది. పది నిమిషాలు కూడా పట్టలేదు.

రుసుము పోను వచ్చినదాంతో బీఎడ్‌కి ముద్ర పడింది. ఎమ్మెస్సీకి పడలేదు. అది లేకుండా పెద్ద క్లాసులు ఇవ్వలేమని స్కూలువాళ్ళు మూడో తరగతి ఇచ్చారు. పదకొండేళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పిన మనిషి ఇప్పుడు ఎక్కాలు అప్పజెప్పించుకుంటోంది.

మొన్న ఆమెకి మొదటి జీతం వచ్చింది. ఆ సాయంత్రమే ఎమ్మెస్సీ సర్టిఫికెట్ బయటికి తీసి, అటెస్టేషన్ ఫారం పక్కన పెట్టుకుని బల్ల ముందు కూర్చుంది. నేను ఉత్సాహంగా పెన్ను తీసి, ఇలా ఇవ్వు, నింపిపెడతాను అన్నాను.

ఆమె కాగితాలు తన వైపుకి జరుపుకుంది.

"వద్దండీ, ఇది నాకు త్వరగా కావాలి."