ఎదురు మిల్లుపై దండయాత్ర

శ్రీ వాగ్దేవ్యై నమః. యువ నామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమి, ఆదిలాబాదు.

కంప్యూటరు సాఫ్టువేరు అమ్మే నా పూర్వశిష్యుడు, ఈ నెలలో ఒక్కటైనా అమ్మకుంటే కొలువు పోతుందని వాపోయాడు. కంపెనీ ప్రకటనను నేనే తెలుగు చేసి, జిన్నింగు మిల్లు యజమానికి చదివి వినిపించాను. దూదిపింజలు కలలోని మేఘాలవలె తేలుతుండగా, నా గొంతు నాకే రణభేరివలె తోచింది.

"ఈ అస్త్రంతో పోటీదారుల కోటలు కూలును! శత్రుశేషం మిగలదు!"

యజమాని చాయ్ కప్పు దించాడు.

"శత్రువెవరు సారూ? ఎదురు మిల్లు మా తమ్మునిది. గీ చాయ్ ఆడికెల్లే వచ్చింది. మా అవ్వ ఆన్నే ఉంటది. జర ఆమె ముంగట చదువుతరా?"

శిష్యుని ముఖం పాలిపోయింది. సిగ్గుతో నేను కాగితం మడిచాను.

"గా లడాయి ఇడిసిపెట్టి, అది ఏం పని జేస్తదో చెప్పుండ్రి" అన్నాడాయన నవ్వి. పత్తి తూకాలు, రైతుల బాకీలు అది క్షణంలో ఎలా లెక్కగట్టునో శిష్యుడు మెల్లగా చెప్పాడు.

యుద్ధాన్ని కావ్యాలలోనే చూసినవాడిని. మాట ఎవరికి తగులునో ఎంచలేకపోయాను.

తాజా కలం: మార్గశిర బహుళ తదియనాడు అన్నదమ్ములిద్దరూ చెరొకటి కొన్నారు.