నొప్పి పోయిన పన్ను

అక్క కర్నూలు పెద్దాసుపత్రిలో ఉన్నప్పుడే నా కింది దవడ పన్ను నొప్పి మొదలైంది. టీ గుక్క తగిలితే జివ్వుమనేది. గ్లాసు కింద పెట్టినా సలుపు ఆగేది కాదు, కణత దాకా పాకి చాలాసేపు ఉండేది. ఆమె కిడ్నీలు రెండూ పాడై మంచాన ఉంటే పన్ను చూపించుకోవాలని ఎవరికి తోస్తుంది? మందుల షాపులో మాత్రలు కొని మింగుతూ వచ్చాను.

అక్క పోయింది. దినాలు అయ్యాయి. ఆ మధ్యలో ఎప్పుడో పన్ను నొప్పి కూడా పోయింది. వేడి తగిలినా ఏమీ లేదు. బాగైందనుకున్నాను. పొద్దున్నే కల్లూరులో నాపరాళ్లకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీకి పోయేవాణ్ణి, లోడు ఎక్కించి వచ్చేవాణ్ణి. పెట్టింది తినేవాణ్ణి. ఏడుపు రాలేదు. రాలేదన్న బాధ కూడా లేదు.

కొన్నాళ్లకు ఆ పన్ను కింద చిగురు మీద చిన్న పొక్కు లేచింది. నాలుకతో నొక్కితే చేదుగా ఏదో కారేది. అణిగిపోయి, మళ్లీ లేచేది. పన్ను నల్లబడుతోందని నా భార్య చెప్పింది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను.

ఒక ఆదివారం బావను చూడ్డానికి వాళ్ల ఊరు పోయాను. అక్క పోయాక ఆయన ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు, మగ్గం మీదే ఉంటాడు. నన్ను చూసి నేత ఆపాడు.

"ఏమప్పా, బుగ్గ వాచినట్టుండాదే?"

పన్ను సంగతి చెప్పి, నొప్పేమీ లేదు, బాగానే ఉన్నానన్నాను. ఆయన నేసిన బట్ట మీద గుడ్డ కప్పాడు.

"మీ యక్క గూడా ఇట్లే అంటాండె, బాగుండా అని," అన్నాడు. తర్వాత లేచి చొక్కా వేసుకున్నాడు.

నాతోనే బస్సెక్కి వచ్చి, ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుని, మరునాడు నన్ను పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె ఎక్స్‌రే తీసింది. చల్లటి మందు అద్దిన దూది పక్క పన్నుకు ఆనిస్తే ఉలిక్కిపడ్డాను. ఈ పన్నుకు ఆనిస్తే ఏమీ తెలియలేదు.

"నొప్పి పోయిందంటే నయమైందని కాదండి. లోపల నరం చచ్చిపోయింది. వేరు కింద చీము చేరింది," అంది. టీ తాగాక సలుపు ఆగకుండా ఉన్నప్పుడే రావాల్సిందట. ఇంకా ఆలస్యమైతే పన్ను పీకాల్సి వచ్చేదనీ, ఇప్పుడైతే రూట్ కెనాల్ చేసి నిలబెట్టవచ్చనీ చెప్పింది.

ఆ రోజే మొదలుపెట్టింది. ఇంజెక్షన్‌తో సగం మూతి మొద్దుబారింది. బయటికొచ్చి ఆటోలో కూర్చున్నాక బావ నొస్తాందా అని అడిగాడు. లేదని తలూపాను. ఆయన టవలు తీసి, నాకు తెలియకుండా పెదవి పక్కన కారుతున్న ఉమ్మి తుడిచాడు. ఏమైనా అనిపించాలి కదా అనుకున్నాను. ఏమీ అనిపించలేదు. టవలుకు గంజి వాసన మాత్రం తెలిసింది.

తర్వాత పోయిన ప్రతిసారీ, వద్దన్నా, మగ్గం ఆపి వచ్చాడు. పన్ను నిలబడింది. దాని మీద తొడుగు వేసిన రోజు మాత్రం నూలు లోడు వస్తే దింపుకోవాలని రాలేకపోయాడు. సాయంత్రం నేనే ఫోన్ చేసి, అన్నం తిన్నావా బావా అని అడిగాను. ఇంకా పొయ్యి ముట్టించలేదన్నాడు. వస్తున్నానని చెప్పి బస్టాండుకు పోయాను.