ఆకాశపు అటక

వేడిగాలి పైకే పోతుందని నమ్మి అక్క పెళ్ళిచీర పాడుచేసిన మూర్ఖుణ్ణి నేను. ఈ ఉదయం టీకొట్టు పొయ్యి పొగ కొబ్బరిచెట్టంత ఎత్తుకు లేచి, అక్కడేదో తగిలినట్టు అడ్డంగా పరుచుకోవడం చూశాను. ఆ మూర్ఖత్వం మళ్ళీ కళ్ళు మండించింది.

కోయంబత్తూరులో మా తెలుగు మగ్గాల వీధి మిల్లు పొగగొట్టం నీడలో ఉండేది. తెల్లవారగానే పడుగు నూలును వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి ఆరబెట్టాలి. మార్గళి చలినెలలో మాత్రం అవ్వ ముందు పొగగొట్టం వైపు చూసేది. అక్క ముహూర్తానికి తెల్లచీర తన చేత్తోనే నేస్తానని పంతం పట్టిన మనిషి, ఆ రోజు పడుగు ముట్టుకోలేదు. "పొగ పండుకోనుండాది. ఆకాశానికి అటక వేసుండారు. ఎండ ముదిరేదాకా సుమ్మా, ఊరికే ఉండు కన్నా" అంది. మిల్లు బడిలో సైన్సు చెప్పే మా మామ ముందురోజే ఆ పాఠం చెప్పాడు. వేడి పైకెక్కిందో లేదో గానీ నా తలకు బాగా ఎక్కింది. "వేడిది పైకే పోతాది అవ్వా, మామే చెప్పినాడు" అని పోరి పడుగు పరిపించాను. ఎండ పొడవగానే పొగంతా దిగివచ్చి తడి గంజికి మసై అంటుకుంది. ఎన్ని నీళ్ళు పోసినా వదల్లేదు. అక్క కొట్టులో కొన్న చీరతోనే పీటలెక్కింది. అవ్వ ఆ మసి పడుగును చుట్టి మూలన పెట్టేసింది. పొగ ఎందుకు దిగిందని మామను అడిగితే క్లాసంతా వినేలా, "యేమప్పా విజ్ఞానీ, పొగకు పాఠం ఒప్పజెప్పలేదా?" అన్నాడు.

పెద్దయ్యాక వాతావరణ ఆఫీసులో, బెలూన్లు పైనుంచి పంపే అంకెలు రాసే పని దొరికింది. అయోమయం తీరుతుందనుకుంటే ముదిరింది. అంకెలు పది మైళ్ళ దాకా చల్లబడుతూ పోయి, ఉన్నట్టుండి వెచ్చబడేవి. భూమధ్యరేఖకు దగ్గరవాళ్ళం గనుక ఆ పై అటక మనకు మరింత ఎత్తున ఉంటుందట. చలికాలం ఉదయాల్లో నేలకు దగ్గరగా ఇంకొకటి ఏర్పడుతుందట. పైన వెచ్చని గాలి ఉంటే కిందిది దాన్ని దాటలేదట. ఎండకు నేల వేడెక్కి గాలి కలియబడగానే, అక్కడ ఆగిన పొగ కిందికి దిగుతుందట. అధికారి చెప్పాడు, నేను తలూపాను. బెలూను మొహం చూడని అవ్వకు ఇదెవరు చెప్పారో ఇప్పటికీ అర్థం కాదు.

మామ రిటైరైన సన్మానం మార్గళిలోనే వచ్చింది. ఆ పొద్దున ఉతికిన తెల్లవేష్టి పంచె పట్టుకుని మేడమీద నిలబడి, "యేమప్పా ఆఫీసరూ, ఆరేయచ్చునా?" అని కేకేశాడు. తలెత్తి చూశాను. పొగ పడుకునే ఉంది.

"వేడిది పైకే పోతాది గదా మామా!" అన్నాను.

ఆ సాయంత్రం దండలన్నీ ఆయన మెడలో పడ్డాయి, చూపులన్నీ బూడిదరంగు వేష్టి మీద పడ్డాయి, ఆయన చూపు మాత్రం నా మీదే. ఆ మిల్లు ఎప్పుడో మూతపడింది. ఆకాశపు అటక మీద ఇప్పుడు ఆ పొగ లేదు. అవ్వ నేయని చీరా, ఆరేయకుండా నేను ఆపని వేష్టీ మాత్రం ఇన్నేళ్ళుగా అక్కడ పక్కపక్కనే ఆరుతూ ఉన్నాయి.