బ్యాలెన్స్ రాడ్ సాక్ష్యం

మా ఆయన పికప్ నడిపేవాడు. తిల్దా రైస్ మిల్లుల్లో బియ్యం బస్తాలు ఎక్కించుకుని రాయ్‌పూర్ దుకాణాల్లో దించడం ఆయన పని. నాది ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం. ఒక వానాకాలం తెలీబంధా దగ్గర మలుపులో, అడ్డం వచ్చిన ఆవును తప్పించబోతే బండి పక్కకి ఒరిగి రెండు చక్రాలు గాల్లోకి లేచాయట. ఎలాగో మళ్ళీ నేలకి ఆనాయి. మనిషికి గీత కూడా పడలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయనకి అన్నం సయించలేదు. మలుపు మాటెత్తితే చాలు, మొహం పాలిపోయేది.

మెకానిక్ బండి కింద దూరి చూసి, బ్యాలెన్స్ రాడ్ సన్నగా ఉంది, లావుది వేయించమని హిందీలో చెప్పాడు. మలుపులో బండి ఒరగకుండా ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపి పట్టుకునే ఇనుప కడ్డీ అది. ముందూ వెనకా రెండూ మార్పించాం. దీనివల్ల ఒరుగుడు తగ్గుతుందే గానీ బండి మోసే బరువు పెరగదని అతను మరీ మరీ చెప్పాడు. ఆ మాట నేనూ విన్నాను, ఆయనా విన్నాడు. ఇంటికొచ్చాక మేముండే దేవేంద్ర నగర్‌లో తెలిసినవాళ్ళందరినీ ఎక్కించుకుని, కొత్త పెళ్ళికొడుకుని ఊరేగించినట్టు బండిని తిప్పి చూపించాడు.

తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో ఆయన లేచాడు. రాయ్‌పూర్‌లో స్థిరపడ్డ మా కోస్తావాళ్ళ చర్చిలో ఇది మామూలే. జ్వరం తగ్గినా, ట్రాన్స్‌ఫర్ ఆగినా లేచి నిలబడి అందరి ముందూ దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాం. ఆయన చావు తప్పించుకున్న వైనం చెప్పి, ప్రభువు తన గుండెల్లోంచి భయాన్ని పూర్తిగా తీసేశాడని ముగించాడు. ఆడవాళ్ళ వైపు కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నాకూ గర్వంగానే అనిపించింది.

అక్కణ్ణుంచి మొదలయ్యాయి నా కష్టాలు. బస్తాల వరస ఒకటి పెరిగింది, ఆ పైన ఇంకోటి. ఇదివరకు బండే ఒరిగి ఆయన్ని బెదిరించేది, ఇప్పుడు ఆ బెదిరింపూ లేదు. ఎందుకంత లోడు అంటే, నీకు విశ్వాసం లేదా అని నా నోరు మూయించేవాడు. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్న మనిషితో ఏం వాదిస్తాం? ఒళ్ళు మండేది. డ్యూటీలో ఆంబులెన్స్ మోత వినిపిస్తే చాలు, కాళ్ళు గేటు వైపు లాగేవి.

ఒక సెలవు రోజు పట్టుబట్టి నేనూ తిల్దా వెళ్ళాను. తిరుగు దారిలో ఆ మలుపు వచ్చింది. బండి నిటారుగానే తిరిగింది, ఇసుమంత కూడా ఒరగలేదు. ఆయన మాత్రం స్టీరింగుని బిగించి పట్టుకుని ఏదో గొణుక్కుంటున్నాడు. చొక్కా చెమటకి తడిసిపోయింది. కాస్త ముందుకెళ్ళి పక్కకి ఆపి, మంచినీళ్ళ సీసా అడిగాడు.

"ఏవండీ, రోజూ ఇంతేనా?" అన్నాను.

"రోజూ ఇంతే. గాడీ ఒరగడం మానేసింది గానీ నాకు డర్ పోలేదు."

"మరి బస్తాలెందుకు పెంచారు?"

"తక్కువేసుకుంటే భయపడ్డట్టే గదా. పోయిందని అందరి సామ్నే చెప్పేశాను."

కోపం రాలేదు, ఏడుపొచ్చింది. ఈ ఆదివారం లేచి, ఇంకా భయంగానే ఉంది, నా కోసం ప్రార్థన చేయండి అని అడగమన్నాను. అందులో సిగ్గేముందన్నాను. సరేనన్నాడు.

ఆదివారం ఆయన లేచాడు. ఒకసారి నా వైపు చూసి, వారమంతా క్షేమంగా నడిపించినందుకు ప్రభువుకి స్తోత్రం అని చెప్పి కూర్చున్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.