కోడలి పుట్టింటి పాపమట!

గత ఏడాది, హంసలదీవిలో మా పక్కింటి నాగమ్మ వదినకు తోడుగా మచిలీపట్నం ఆసుపత్రికి వెళ్లాను. మూడేళ్లొచ్చినా నడక రాని మనవడి జన్యు పరీక్ష ఫలితం వచ్చింది. బిడ్డను ఎత్తుకుని కోడలు లక్ష్మి కూడా వచ్చింది.

“బిడ్డవీ, తల్లిదండ్రులవీ వేల జన్యువులను కంప్యూటర్ జల్లెడ పట్టి లోపాన్ని చూపించింది. మేమూ సరిచూశాం. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం బిడ్డకు వచ్చిందమ్మా,” అన్నారు డాక్టరు గారు.

“మా వంశంలో ఇలాంటివి లేవండీ. అంతా దీని పుట్టింటి పాపం! దీన్ని పంపించేసి, దీని చెల్లెల్ని మావాడికి చేసుకుంటాం,” అంది వదిన.

నా ఒళ్లు మండిపోయింది. “దీని పుట్టిల్లు ఎవరిది వదినా? నీ సొంత అన్నది కాదూ! మేనరికం కావాలని పట్టుబట్టింది నువ్వు కాదూ! ఆ చెల్లెలిది వేరే రక్తమా?” అని అందరూ తిరిగి చూసేలా అరిచాను.

“ఆ అమ్మాయిలోనూ ఇదే లోపం ఉండొచ్చు,” అన్నారు డాక్టరు గారు.

అప్పటిదాకా తల వంచుకుని ఉన్న లక్ష్మి, “అత్తా, నా చెల్లి జోలికి రాకు,” అంది.

ఆ పెళ్లి ఆగింది. అరిచినందుకు నాకేమీ సిగ్గు లేదు. కంప్యూటర్‌కు లోపం ఇద్దరిలోనూ దొరికింది. మనకు మాత్రం ఎప్పుడూ కోడలే దొరుకుతుంది.