పుంజాలా, పోగులా?

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే. అందులోనూ రసాయనశాస్త్రం పేపరు ఒకటి మిగిలిపోయింది. సప్లిమెంటరీలో అదీ తప్పితే పట్టా రాదు. పరీక్షకు వారం ముందు, గద్వాలలో, అమ్మ మగ్గం పక్కన కూర్చుని ఒకే లెక్కను నాలుగోసారి చేస్తున్నాను. పది పాయింట్ ఆరు గ్రాముల సోడియం కార్బనేట్‌లో మొత్తం పరమాణువులు ఎన్ని? నా జవాబు ప్రతిసారీ పుస్తకంలోని జవాబులో ఆరో వంతే వచ్చేది.

“ఏంది బిడ్డా, కాయితాన్ని గట్ల గుడ్లురిమి చూస్తున్నవ్?” అంది అమ్మ.

మనం నూలుకు రంగు వేసేటప్పుడు కలిపే సోడాలోనే పరమాణువులు ఎన్నున్నాయో లెక్క చేస్తున్నానని చెప్పాను. ఆమె చేయి ఆగింది.

“సోడల ఎన్నున్నయో ఎవలు లెక్కవెట్టిండ్రు?”

“ఎవరూ లెక్కపెట్టలేదమ్మా. ఇంత బరువుకు ఇన్ని అని ముందే తెలుసు. తూచి చెప్తరు.”

“గంతేనా! నూలు తూచి, దారం ఎంత పొడుగుందో మేం చెప్తలేమా?”

పుట్టినప్పటి నుంచి ఆ తూకం చూస్తున్నా, ఈ పోలిక నాకెన్నడూ తట్టలేదు. ఉత్సాహంగా మోల్ గురించి చెప్పాను. అదీ మన పుంజంలాగే, ఒకటంటే ఇన్నని కట్టిన లెక్క అన్నాను. మా ఇంట్లో పుంజమంటే నూట ఇరవై పడుగు పోగులు.

“నీ పుంజంల ఉన్నయి ఏంది?”

“జట్లు. ఒక్కో జట్టుల రెండు సోడియం, ఒక కార్బన్, మూడు ఆక్సిజన్.”

“మరి జట్లు లెక్కవెట్టి లేచినవ్. లోపటోళ్లను ఎవలు లెక్కవెట్టాలె, మీ నాయినా? నలభై పుంజాలంటే నలభై పోగులనుకొని పడుగు పోస్తే చీర గాదే, జడకు రిబ్బన్ అయితది!”

ఆరుతో గుణించాను. జవాబు సరిపోయింది.

వనపర్తిలోని పరీక్షా కేంద్రంలో అదే లెక్కను గ్లూకోజ్ మీద ఇచ్చారు. అణువుల సంఖ్య రాగానే కలం జవాబు కింద గీత గీయబోయింది. రిబ్బన్ గుర్తొచ్చింది. గ్లూకోజ్ అణువులో పరమాణువులు ఇరవై నాలుగు. గుణించాను.

ఫలితాలు వచ్చిన రోజు అమ్మ ఒకటే అడిగింది: “చీరనా, రిబ్బనా?”

“చీరేనమ్మా.”

ఆమె నవ్వి, రంగు వేసే గది నుంచి సోడా డబ్బా తెచ్చింది. “అయితే చెప్పు, చిటికెడుల ఎన్నుంటయి?”

త్రాసులో చిటికెడు వేశాను. ముల్లు కదల్లేదు. ఎన్ని చిటికెళ్లకు కదులుతుందో చూసి, ఆ బరువును అన్నిటికీ పంచుదామని ఇద్దరం త్రాసు ముందు కూర్చున్నాం.